మరక్, అంబూలో: సోమాలీ గిన్నెలో కారం ఎందుకు ఉండదు

హైదరాబాద్‌లో ముస్లిం పెళ్ళి విందుకు వెళ్ళినవాళ్ళకు మరగ్ బాగా తెలుసు. బిర్యానీ రాకముందే చిన్న గిన్నెలో పొగలు కక్కుతూ వస్తుంది. లేత రంగు రసం, ఎముకతో ఉన్న మెత్తని మటన్ ముక్క, వెనకనుంచి తగిలే మిరియాల ఘాటు. ఆ మాట అరబీ. అరబీలో మరక్ అంటే మాంసం ఉడికిన రసం. అరేబియా సముద్రానికి అవతలి ఒడ్డున, సోమాలియాలో కూడా ఇదే మాట వాడుకలో ఉంది. మన దగ్గర మరగ్ పెళ్ళివిందు మొదట్లో ఒక గిన్నెడే. అక్కడ మరక్ ఇంట్లో రోజూ తినే తిండి.

ఆ ఒక్క మాట పట్టుకునే నేను సోమాలీ వంటలోకి దిగాను. మొదటిసారి వండినప్పుడు అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల కారం, నాలుగు టమాటాలు, చివర కాస్త గరం మసాలా వేశాను. రుచిగానే వచ్చింది, కానీ అది మరక్ కాదు. మన మటన్ కూరకే ఇంకో రెండు గ్లాసులు నీళ్ళు పోసినట్టు ఉంది. తప్పు ఎక్కడుందో తెలియడానికి చాలాసార్లు వండాల్సివచ్చింది. మనం రుచి అంతా గిన్నెలోనే పెడతాం. ఉప్పు, పులుపు, కారం, తాలింపు అన్నీ అందులో ఒక్కటైతేనే కూర అయిందంటాం. సోమాలీ వంటలో పని పంచుకోవడం ఉంటుంది. చిక్కదనం, కడుపు నింపే బరువు గిన్నెలో ఉంటాయి. కారం, పులుపు, తీపి పళ్ళెం పక్కన ఉంటాయి. ఈ విభజన అర్థమయ్యాక మిగతాదంతా తేలికే. అది తెలియకుండా దినుసుల లెక్క మాత్రం చూసి వండితే మళ్ళీ మన కూరే తయారవుతుంది.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. 1331 ప్రాంతంలో సోమాలియా తీరంలోని మొగదిషు చేరిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడ తనకు పెట్టిన భోజనాన్ని వివరంగా రాశాడు. నేతితో వండిన అన్నం పెద్ద కొయ్యపళ్ళెంలో పెట్టి, దానిమీద కోడి, మాంసం, చేప, కూరగాయలతో చేసిన కూరలు ఉంచారు. పాలల్లో ఉడికించిన పచ్చి అరటికాయలు ఒక గిన్నెలో వచ్చాయి. ఇంకో గిన్నెలో పెరుగు, దానిమీద ఊరవేసిన నిమ్మకాయలు, ఉప్పూ వెనిగరూ పట్టించిన మిరియాల గుత్తులు, పచ్చి అల్లం, మామిడి. ఒక ముద్ద అన్నం తినగానే ఈ ఊరగాయల్లోంచి కాస్త కొరుక్కుంటారని రాశాడు. ఇక్కడ ఒక్క మనిషి తినేది మాలో ఒక గుంపు తింటుందని కూడా అన్నాడు. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి ఇటు రావడానికి అప్పటికి ఇంకా నూట యాభై ఏళ్ళకు పైగా ఉంది. ఘాటుగా ఉండేది తర్వాత మారింది గానీ, అది పక్కనే ఉండాలన్న పద్ధతి మారలేదు. అన్నం, మామిడి ఊరగాయ, పెరుగు ఉన్న ఆ వర్ణన చదివితే మనవాళ్ళకు అది పరాయి భోజనంలా అనిపించదు.

సోమాలీ వంటకాల పేర్లు వెతికేవాళ్ళకు ముందు ఒక చిక్కు ఎదురవుతుంది. సోమాలీ భాష 1972లో అధికారికంగా రోమన్ లిపి తీసుకుంది. ఆ లిపిలో 'ఎక్స్' అక్షరాన్ని గొంతు లోపలి 'హ'గా పలకాలి. 'సి' అక్షరం అరబీలోని ఐన్ అనే గొంతు శబ్దం. మన చెవికి అది దాదాపు వినిపించదు. అందుకే 'కంబూలో' లాగా కనిపించేది అంబూలో అనే ఉడికిన పప్పుగింజల వంటకం, 'గ్జవాష్' లాగా కనిపించేది హవాష్ అనే మసాలా పొడి, 'కంజీరో'లా కనిపించేది అంజేరో అనే దోసెలాంటి రొట్టె. ఒకే వంటకం రెండు మూడు స్పెల్లింగులతో కనిపిస్తే వేరువేరు వంటలని అనుకోవద్దు.

ఇక అసలు విషయం. సోమాలీ వంట అని మనం ఒకే పేరు పెట్టి పిలిచేది నిజానికి మూడు రకాల నేలల తిండి. ఉత్తరాన, మధ్యలో వాన తక్కువ. అక్కడ బతుకు ఒంటెలు, మేకలు, గొర్రెలతో. కాబట్టి మాంసం, పాలు, నెయ్యి. దక్షిణాన ఇథియోపియా కొండల్లో పుట్టిన షబెలే, జుబా నదులు పారతాయి. ఆ నీటి పక్కన మొక్కజొన్న, పప్పుగింజలు, నువ్వులు, అరటి పండుతాయి. నదులకు దూరంగా బైదోవా చుట్టుపక్కల వానమీద ఆధారపడి జొన్న పండిస్తారు. మూడోది రేవు పట్టణాల తీరం. బియ్యం, మసాలా దినుసులు, చేపలు, ఇటలీ పాలన వదిలివెళ్ళిన పాస్తా అక్కడివి. మరక్ పశువుల కాపరుల నేలది. అంబూలో నదీతీరపు రైతుది. సుగో అనే పాస్తా సాస్ రేవు పట్టణానిది, దాని పేరు కూడా ఇటాలియన్ మాటే. మూడూ ఇప్పుడు ఒకే ఇంట్లో ఒకే వారంలో వండుతారు.

వీటిలో తెలుగువాళ్ళ వంటింటికి అన్నిటికన్నా దగ్గరది అంబూలో. విచిత్రంగా, విన్నవాళ్ళు నమ్మలేనిది కూడా అదే. అలసందల్లాంటి ఎర్రటి చిన్న గింజలను సన్నసెగ మీద గంటల తరబడి, ఒక్కోసారి ఐదు గంటలు, తొక్క కూడా వెన్నలా అయ్యేదాకా ఉడికిస్తారు. తర్వాత ఉప్పు, ధారాళంగా నువ్వుల నూనె లేదా నెయ్యి, పైన చక్కెర. ఇది స్వీటు కాదు, రాత్రి భోజనం. కొందరు గింజలతోపాటు అన్నం కూడా కలిపి వండుతారు. దక్షిణ సోమాలియాలో దీనికి జంటగా బున్ ఉంటుంది. అంటే నూనెలో వేయించిన కాఫీ గింజలు.

పప్పులో చక్కెరా అని మొహం చిట్లించే ముందు మన పూర్ణం బూరెలు, బొబ్బట్లు, పెసరపప్పు పాయసం గుర్తుచేసుకోవాలి. ఉడికిన పప్పుకి తీపి కలపడం మనకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తేడా ఏమిటంటే మనం దాన్ని పండుగకు దాచుకున్నాం, వాళ్ళు రాత్రి పూట కడుపు నింపుకోవడానికి పెట్టుకున్నారు. ఆ లెక్క కూడా సరైనదే. 100 గ్రాముల ఎండు అలసందల్లో సుమారు 335 కేలరీలు, 23 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటాయి. రెండు పెద్ద చెంచాల నూనె ఇంకో 240 కేలరీలు కలుపుతుంది. మాంసం లేని రోజున కూడా తెల్లారేదాకా ఆకలి వెయ్యదు.

గింజలు ఏవి? విదేశాల్లోని సోమాలీ ఇళ్ళలో ఎక్కువగా అడ్జుకీ బీన్స్ అనే చిన్న ఎర్ర గింజలు వాడతారు. 1991లో అంతర్యుద్ధం ముదిరి లక్షల మంది వలస వెళ్ళాక లండన్, టొరంటో, మినియాపొలిస్ లాంటి చోట్ల సూపర్‌మార్కెట్లో దొరికింది అది. సోమాలియాలో దీనికి వాడే దిగిర్ అనే మాట అలసందలకు కూడా వర్తిస్తుంది. మన కిరాణా కొట్లో అడ్జుకీ దొరక్కపోతే బాధపడక్కర్లేదు. ఎర్ర అలసందలు, అంటే ఎర్ర బొబ్బర్లు తెచ్చుకోండి. అలసంద పుట్టింది ఆఫ్రికాలోనే. మన జొన్న కూడా అక్కడినుంచి వచ్చిందే. నువ్వులు మాత్రం మన ఉపఖండంలో సాగులోకి వచ్చి ఆ వైపు వెళ్ళాయి. అంబూలో గిన్నెలో అలసందలు, నువ్వుల నూనె కలిసినప్పుడు ఈ రెండు ప్రయాణాలు కలిసినట్టే నాకు అనిపిస్తుంది.

నూనె గురించి ఇంకో మాట. దాన్ని సోమాలీలో సలీద్ మాసరో అంటారు. మాసరో అంటే గానుగ. మన దగ్గర ఎద్దు తిరిగిన చోట అక్కడ ఒంటె తిరుగుతుంది. కళ్ళకు గంతలు కట్టిన ఒంటె చెక్క గానుగ చుట్టూ నడుస్తూ నూనె ఆడిస్తుంది. కాబట్టి మన మంచినూనె, అంటే నువ్వుల నూనె, అది కూడా గానుగది, ఈ వంటకు సరిగ్గా సరిపోతుంది. నువ్వులు మాడ్చి తీసే ముదురు రంగు చైనా నూనె మాత్రం పొయ్యకండి. దాని వాసన గింజల రుచిని మింగేస్తుంది.

ఐదు గంటలు ఎందుకు పడుతుంది, దాన్ని తగ్గించడం ఎలా అన్నదే చాలామందికి ఉండే టెన్షన్. గింజలో కణాలను ఒకదానికొకటి అతికించే జిగురు పెక్టిన్. ఆ జిగురును క్యాల్షియం, మెగ్నీషియం గట్టిగా పట్టి ఉంచుతాయి. ఉడకడం అంటే ఆ పట్టు సడలడం, లోపలి పిండి నీరు పీల్చి ఉబ్బడం. ఇది తెలిస్తే వంటింటి అనుభవాలు చాలావాటికి కారణం దొరుకుతుంది. బోరు నీళ్ళలో పప్పు ఎంతకీ ఉడకదు, ఎందుకంటే ఆ నీళ్ళలోనే క్యాల్షియం ఎక్కువ. ఫిల్టర్ నీళ్ళు వాడితే తేడా అదే రోజు కనిపిస్తుంది. చింతపండు, టమాటా, నిమ్మరసం ముందే పోస్తే గింజ మొండికేస్తుంది, ఎందుకంటే పులుపులో పెక్టిన్ కరగదు. చక్కెర కూడా గింజ మెత్తబడడాన్ని ఆలస్యం చేస్తుంది. అంబూలోలో చక్కెరను ఉడికిన తర్వాతే, తినబోయే ముందు వేయడం వెనక ఈ రసాయనం ఉంది. ఏ పుస్తకమూ చదవకుండా వంటచేసిన తరాలు సరైన చోటే సరైన దినుసు వేశాయి.

ఉప్పు విషయంలో మన ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది, ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదని. నానబెట్టే నీళ్ళ విషయంలో అది నిజం కాదు. లీటరు నీళ్ళకు ఒక పెద్ద చెంచా ఉప్పు కలిపి గింజలను రాత్రంతా నానబెడితే, ఉప్పులోని సోడియం తొక్కలోని క్యాల్షియాన్ని తప్పించి ఆ చోటు తీసుకుంటుంది. తొక్క పగలకుండా మెత్తబడుతుంది. ఉదయం ఆ నీళ్ళు పారబోసి కడిగి కొత్త నీళ్ళతో వండాలి. నీళ్ళలో క్యాల్షియం మరీ ఎక్కువైతే కప్పు గింజలకు చిటికెడు వంటసోడా వేయొచ్చు. అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది. ఇంకొకటి, డబ్బాలో ఏడాదిగా ఉన్న గింజలతో ఈ వంట చెయ్యకండి. వేడికీ తేమకీ నిలవున్న గింజలు ఎన్ని గంటలైనా నోట్లో ఇసుకలా తగులుతాయి. ఆ తప్పు వండేవాళ్ళది కాదు.

కుక్కర్ వాడొచ్చా? వాడొచ్చు. నేను వాడతాను. నానిన గింజలకు మూడింతల నీళ్ళు పోసి నాలుగైదు విజిల్స్ రానిచ్చి, ఆవిరి దానంతట అదే పోయేదాకా ఆగుతాను. విజిల్ ఎత్తి ఆవిరి వదిలితే లోపల ఒక్కసారిగా మరిగి గింజలు చిట్లిపోతాయి. మూత తీశాక మరో నలభై నిమిషాలు సన్నసెగ మీద తెరిచి ఉంచడం ముఖ్యం. గింజల్లోంచి వచ్చిన పిండి ఆ నీటిని ఎర్రటి చిక్కని రసంగా మార్చేది అప్పుడే. గరిటె గిన్నెలో గీస్తే దారి పడి మెల్లగా మూసుకోవాలి. అప్పుడు ఉప్పు, కప్పు గింజలకు మూడు చెంచాల నూనె. చక్కెర ఎవరి పళ్ళెంలో వాళ్ళు. షుగర్ ఉన్నవాళ్ళు మా ఇంట్లోనూ ఉన్నారు. వాళ్ళకు చక్కెర లేకుండా, నూనె ఉప్పుతోనే పెడతాను, బాగానే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఎర్రగా ఉంది కదా అని అలసందల బదులు రాజ్మా తీసుకుని స్లో కుక్కర్‌లో పెట్టి వదిలేయకండి. రాజ్మాలో లెక్టిన్ అనే ఒక రకం ప్రోటీన్ ఉంటుంది, గింజలు సరిగా మరగకపోతే దానివల్ల వాంతులు, విరేచనాలు అవుతాయి. స్లో కుక్కర్ తక్కువ వేడిలో అది పోదు. రాజ్మా అయితే నానిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం అరగంట తెర్లుతూ ఉడికించాకే మంట తగ్గించాలి. అలసందలతో ఆ భయం లేదు.

మరక్‌కు వచ్చేసరికి చిక్కదనం ఇచ్చేది పిండి కాదు, ఎముక. మేక భుజం లేదా కాలి ముక్కలు, మూలుగ ఉన్నవి, కిలో తీసుకోండి. మెత్తటి కండ ముక్కలు ఈ వంటకు పనికిరావు. కండల మధ్య తెల్లగా కనిపించే పొరలు, కీళ్ళ దగ్గరి నరాలు కొలాజెన్. అది తడి వేడిలో నెమ్మదిగా కరిగి జెలటిన్ అవుతుంది. మన పాయా మర్నాడు ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఊగుతుందే, అదే ఇది. రెండు లీటర్ల నీళ్ళలో ముక్కలు వేసి, పైకి వచ్చే నురగ తీసేసి, గంటన్నర నుంచి రెండు గంటలు సన్నగా ఉడికించాలి. బుడగలు అక్కడక్కడా లేవాలి అంతే. గలగలా మరిగిస్తే మాంసం పీచులు బిగుసుకుంటాయి, కొవ్వు రసంలో చెదిరి మడ్డిగా అవుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి మొదట్లో వేస్తాను. బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ పెద్ద ముక్కలుగా చివరి అరగంటలో, ఒక్క టమాటా, రెండు చెంచాల హవాష్, దించేముందు కొత్తిమీర. కారం లేదు, తాలింపు లేదు. మొదటి చెంచా తాగినప్పుడు ఏదో మరిచిపోయామనిపిస్తుంది. మూడో చెంచాకి మాంసం రుచి అంటే ఏమిటో తెలుస్తుంది.

బరీస్ ఇస్కుకారిస్ అనే పండుగ అన్నానికి ఇదే రసం పునాది, బియ్యాన్ని ఇందులోనే ఉడికిస్తారు. ఇస్కుకారిస్ అంటే కలిపి వండినది. అందుకే సోమాలీ ఇంట్లో మాంసం ఉడికించిన నీళ్ళను ఎవరూ పారబోయరు. సుకార్ మాత్రం వేరు దారి. ఎముక లేని మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి ఉల్లి, క్యాప్సికం, క్యారెట్‌తో త్వరగా వేయించేస్తారు. పొరల చపాతీ లాంటి సబాయద్‌తోనో, దోసెకు చుట్టమైన అంజేరోతోనో తింటారు. దాన్ని మరక్‌లాగా రెండు గంటలు వండితే ఎండిపోతుంది, మరక్‌ను సుకార్‌లాగా అరగంటలో దించితే రబ్బరులా సాగుతుంది. రెండింటినీ సోమాలీ కూర అని ఒకే గాటన కట్టడంవల్ల జరిగే పొరపాటు ఇదే.

హవాష్ పొడి ఇంట్లోనే కొట్టుకోవడం మంచిది. నా కొలత ఇది: జీలకర్ర, ధనియాలు నాలుగేసి చెంచాలు, మిరియాలు ఒకటి, లవంగాలు అర చెంచా, ఏలకులు ఎనిమిది, రెండంగుళాల దాల్చినచెక్క. సన్నమంట మీద విడివిడిగా వేయించి, పొడి చేశాక చెంచా పసుపు కలపాలి. ఇల్లు మారితే కొలత మారుతుంది. యెమెన్‌లో హవాయిజ్ అనే పొడి దీనికి దగ్గరి బంధువు. యెమెన్‌లోని ఏడెన్ రేవుకు ఎదురుగానే, గల్ఫ్ ఆఫ్ ఏడెన్ అనే సముద్రపు పాయ అవతల, సోమాలీ తీరంలో బెర్బెరా రేవు ఉంది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. మన గరం మసాలాకూ దీనికీ తేడా జీలకర్ర, ధనియాల వంతు బాగా ఎక్కువ కావడం. అందుకే రెండు మూడు చెంచాలు వేసినా ఘాటు పైకి తన్నదు. సుకార్‌కు నూనెలో వేగనిస్తాను, మరక్‌కు రసం మరుగుతుండగా వేస్తాను.

ఇక పక్కన ఉండేవి. బస్‌బాస్ అంటే మిరపకాయ, దానితో చేసే పచ్చడికీ అదే పేరు. ఆకుపచ్చది చెయ్యడం రెండు నిమిషాల పని: పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర కట్ట, నిమ్మరసం, ఉప్పు. ఉడికించకూడదు, పచ్చిగానే రుబ్బాలి. మనం మరిచిపోయామనుకున్న కారం, పులుపు ఇదిగో ఇక్కడ ఉన్నాయి. ఎవరికి ఎంత కావాలో వాళ్ళే వేసుకుంటారు. పిల్లలూ ముసలివాళ్ళూ ఒకే గిన్నెలోంచి తినగలగడం వెనక ఉన్న సౌకర్యం అది. దాని పక్కన అరటిపండు. మాంసం అన్నం ముద్దతో అరటిపండు ముక్క కొరుక్కు తినడం సోమాలీ భోజనానికి గుర్తు లాంటిది. పెరుగన్నంలో మామిడిపండు నంజుకునే మనకు దాన్ని వివరించి చెప్పక్కర్లేదు. ఒకే ఒక్కసారి ముద్ద, అరటి, బస్‌బాస్ మూడూ కలిపి నోట్లో పెట్టుకుని చూడండి.

అలసందలు కాస్త ఎక్కువ నానబెట్టారా, మిగిలిన వాటిని ఉడికించకండి. నీళ్ళు వార్చి బరకగా రుబ్బి, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి నూనెలో వేస్తే సోమాలీ బజియే. పేరులో మన బజ్జీ వినిపిస్తుంది, కానీ చేతిలోకి తీసుకుంటే అది అచ్చం బొబ్బర గారె. అల్లం పచ్చడి స్థానంలో బస్‌బాస్ ఉంటుంది, అంతే. మా ఇంట్లో శనివారం సాయంత్రం ఇవి వేయిస్తుంటే పక్క పొయ్యి మీద అంబూలో మెల్లగా ఉడుకుతూ ఉంటుంది. రాత్రి తొమ్మిదికి దించి, పళ్ళేల్లో వడ్డించి, మంచినూనె సీసా చేతులు మారుతుంది.